నూట అరవై ఎకరాలు ఏమయ్యాయి? ఒక ప్రెయరీ రైల్వే నగరం, ఒక కుటుంబం: కేస్ స్టడీ

పాత రికార్డులు వెతికి కుటుంబాల చరిత్ర తేల్చి చెప్పడం నా వృత్తి. కెనడాలోని ప్రెయరీ ప్రాంతంలో, అంటే గడ్డి మైదానాల ప్రాంతంలో, ఉన్న సస్కాచెవాన్ రాష్ట్రంలో పనిచేస్తాను. నా దగ్గరకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం భూమి గురించే ఉంటాయి: ఎవరిది, ఎలా వచ్చింది, ఎవరు అమ్ముకున్నారు? ఈ కేసు కూడా అలాగే మొదలైంది. దీన్ని రాసిపెట్టడానికి కారణం ఒక్కటే. కుటుంబం కాగితాల్లో దొరకని జవాబు ఆ ఊరు ఎందుకు పుట్టింది, ఎలా పెరిగింది, ఎక్కడ ఆగింది అన్న విషయాల్లో దొరికింది.

మనుషుల పేర్లు, భూమి సర్వే వివరాలు, చర్చి పేరు తీసేశాను. కుటుంబాన్ని గుర్తుపట్టేలా ఉన్న కొన్ని సంగతులు మార్చాను. ఊరి పేరు మాత్రం మార్చలేదు. అది మెల్విల్.

కేసు వచ్చిన తీరు

క్లయింటు డెబ్బై దాటిన విశ్రాంత ఉపాధ్యాయురాలు. ఉండేది వేరే రాష్ట్రంలో. ఆమె తాతగారు 1905లో బ్రిటన్ నుంచి వచ్చారని, మెల్విల్ దగ్గర ప్రభుత్వం ఇచ్చే 160 ఎకరాలు తీసుకున్నారని, కొన్నాళ్లు రైల్వేలో కూడా పనిచేశారని, 1950లలో రైల్వేవాళ్లు ఆయనను తీసేశారని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ తరువాత మాటే అసలు గాయం. తాతగారి పెద్దకొడుకు భూమి మొత్తం అమ్ముకున్నాడని, చిన్నకొడుకు, అంటే క్లయింటు తండ్రి, చిల్లిగవ్వ లేకుండా ఊరు విడిచి పశ్చిమానికి వెళ్లిపోయాడని. పెద్దకొడుకు సంతానం ఈ మాట ఒప్పుకోరు. రెండు తరాలుగా ఆ రెండు ఇళ్ల మధ్య రాకపోకలు లేవు.

ఆమెకు కావలసింది కోర్టు తీర్పు కాదు. కుటుంబ చరిత్ర పుస్తకం వేయించబోతున్నారు. అందులో ఈ విషయం ఎలా రాయాలో తేలాలి. పని ఒప్పుకునే ముందే ఒక మాట చెప్పాను: జవాబు మీవైపే వస్తుందన్న హామీ ఇవ్వలేను, వ్యతిరేకంగా వచ్చినా నివేదికలో అలాగే ఉంటుంది. ఆమె కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఈ షరతు ముందే పెట్టకపోతే మధ్యలో పని ఆగిపోతుందని అనుభవం నేర్పింది. భూమి తగాదాల్లో క్లయింట్లు తరచూ కోరుకునేది పరిశోధన కాదు, సాక్ష్యం.

ఊరు ఎందుకు అక్కడ పుట్టింది

మెల్విల్ నది ఒడ్డున పుట్టిన ఊరు కాదు. పాత బాటలు కలిసే కూడలి కూడా కాదు. ఒక రైల్వే కంపెనీ తన పటం మీద చుక్క పెట్టిన చోట లేచిన ఊరు.

కెనడియన్ పసిఫిక్ మార్గం అప్పటికే దేశాన్ని అడ్డంగా దాటుతోంది. మరో ఖండాంతర మార్గం కోసం ప్రధాని విల్ఫ్రిడ్ లారియే ప్రభుత్వం 1903లో చట్టం చేసింది. విన్నిపెగ్ నుంచి పసిఫిక్ తీరంలోని ప్రిన్స్ రూపర్ట్ దాకా పట్టాలు వేసే పని గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ కంపెనీది. ఆ దారి సస్కాచెవాన్ మైదానాలను దాటుతుండగా 1908లో మెల్విల్ గ్రామంగా, 1909లో పట్టణంగా నమోదైంది. ఈ భూమి అంతకుముందు ఖాళీగా లేదు. 1874లో క్రీ, సోటో, నకోడా జాతులతో కుదిరిన నాలుగో ఒప్పందం పరిధిలోది. ఉచిత భూమి అని ప్రకటనల్లో రాసినది ఆ ఒప్పందం తరువాతే సర్వేయర్ల చేతికి వచ్చింది. అది అందరికీ ఉచితమూ కాదు. మెల్విల్ గ్రామమైన 1908లోనే, స్వదేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా ప్రయాణించి వస్తేనే కెనడాలో దిగనిస్తామన్న నిబంధన వచ్చింది. అప్పట్లో భారతదేశం నుంచి అలా రావడం దాదాపు అసాధ్యం. ఐరోపా రైతులను పిలిచి పిలిచి భూములిచ్చిన సంవత్సరాల్లోనే మనవాళ్ల ముందు తలుపు మూసుకుంది. ఈ రికార్డులు తిరగేసే తెలుగువాడిగా నేను ఆ సంగతి మరచిపోలేను.

పట్టాల వెంట అన్ని స్టేషన్లూ ఒక్క స్థాయివి కావు. ఆవిరి ఇంజను సుమారు రెండు వందల కిలోమీటర్లు నడిచాక బూడిద దులపాలి, బొగ్గు నింపాలి, తనిఖీ చేయాలి, చాలాసార్లు ఇంజనునే మార్చాలి. నడిపేవాళ్లూ మారాలి. అప్పటి ఉత్తర అమెరికా లెక్క ప్రకారం గూడ్సు బండి మీద వంద మైళ్లు నడిస్తే ఒక రోజు జీతం. అందుకే ఆ దూరాల్లో డివిజనల్ పాయింట్లు పెట్టారు: మానిటోబాలో రివర్స్, సస్కాచెవాన్‌లో మెల్విల్, వాట్రస్, బిగర్, ఆల్బర్టాలో వెయిన్‌రైట్. ఇంజన్ల షెడ్డు, మరమ్మతు పని, బండ్లు విడదీసి కలిపే యార్డు, సిబ్బంది ఇళ్లు ఇక్కడే.

ఈ తేడా పేర్లలోనే కనిపిస్తుంది. చిన్న స్టేషన్లకు కంపెనీ ఇంగ్లిషు అక్షరమాల వరుసలో పేర్లు పెట్టింది: ఆట్‌వాటర్, బాంగర్, కేనా... కేనా తరువాత డి అక్షరంతో డఫ్ రావాలి. వాటి మధ్యలో వరుసను తెంచుకుని మెల్విల్ వస్తుంది. కంపెనీ అధ్యక్షుడు ఛార్లెస్ మెల్విల్ హేస్ పేరు అది. రివర్స్, వాట్రస్, బిగర్, వెయిన్‌రైట్ కూడా కంపెనీ పెద్దల పేర్లే. డివిజనల్ పాయింట్లకు అధికారుల పేర్లు, మిగతావాటికి అక్షరాలు.

ఇంకొక విషయం ఈ కేసుకు మరీ ముఖ్యం. కెనడియన్ పసిఫిక్‌కు ప్రభుత్వం రెండున్నర కోట్ల ఎకరాలు ఇచ్చింది. గ్రాండ్ ట్రంక్ పసిఫిక్‌కు ప్రెయరీ భాగంలో భూములివ్వలేదు. కాబట్టి భూమి మీద రాబడి కావాలంటే ఊళ్లు కట్టి ఇళ్ల స్థలాలు అమ్మాలి. అందుకోసమే అనుబంధంగా టౌన్ అండ్ డెవలప్‌మెంట్ కంపెనీ పెట్టారు. మెల్విల్‌లో ఒక కుటుంబానికి ‘భూమి’ ఉండేదంటే అది ప్రభుత్వం ఇచ్చిన పొలం కావచ్చు, కంపెనీ అమ్మిన ఇంటిస్థలం కావచ్చు. మనవల తరం వచ్చేసరికి ఈ రెండూ ఒకే మాటలో కలిసిపోతాయి.

నెల్లూరు జిల్లా బిట్రగుంటలో లోకో షెడ్డు చుట్టూ రైల్వే కాలనీ పెరిగి, ఆవిరి ఇంజన్లు పోయాక వెలవెలబోయిన సంగతి తెలిసినవారికి ఈ ఊరి తీరు త్వరగా అర్థమవుతుంది.

మొదట వెతికిన చోట్లు

ముందు 1905 అన్న సంవత్సరాన్ని పరీక్షించాను. ఆ ఏడు మెల్విల్ లేదు. 1906లో ప్రెయరీ రాష్ట్రాలకు ప్రత్యేకంగా జరిగిన జనగణనలోనూ ఆ పేరు ఉండే వీలు లేదు. అంతమాత్రాన కథ అబద్ధమనలేం. రైలుకు ముందే ఆ చుట్టుపక్కల సేద్యానికి వచ్చినవాళ్లున్నారు. 1902లో పటగోనియా నుంచి వెల్ష్ కుటుంబాలు వచ్చి స్థిరపడిన చోటు, తరువాత బాంగర్ స్టేషన్ అయిన చోటు, అక్కడికి దగ్గరే. కనుక సంవత్సరాన్ని పక్కన పెట్టి భూమి కోసం వెతికాను.

1872 నాటి డొమినియన్ భూముల చట్టం కింద పది డాలర్లు కట్టి 160 ఎకరాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. మూడేళ్లపాటు ఏడాదికి కనీసం ఆరు నెలలు అక్కడే నివసించాలి, కొంత భూమి దున్నాలి, ఇల్లు కట్టాలి. అప్పుడే పట్టా. జాతీయ ఆర్కైవ్స్‌లోని పట్టాల సూచికలో తాతగారి పేరుకు సరిపోయే మనిషి ఆ ప్రాంతంలో లేడు. చాలామంది ఇక్కడే ఆగి ‘భూమి లేదు’ అని రాసేస్తారు. కానీ ఆ సూచికలో ఉండేవాళ్లు గెలిచినవాళ్లు మాత్రమే. దరఖాస్తు పెట్టి మధ్యలో వదిలేసినవాళ్ల ఫైళ్లు రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

అక్కడ అదే పేరుతో ముగ్గురు దొరికారు. వయసు కలవక ఒకరు, భార్య పేరు కలవక మరొకరు పోయారు. మూడో వ్యక్తి 1910లో దరఖాస్తు పెట్టాడు. భూమి మెల్విల్‌కు బండి మీద వెళ్లిరాగల దూరంలో ఉంది. అయినా ఆయనే మన మనిషని రాయలేదు. బ్రిటిష్ పేర్లలో అది మరీ సాధారణమైన పేరు. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. ఆ సంవత్సరంలో తాతగారు ఎక్కడున్నారో విడిగా తేలాలి. ఆ ఫైలును అక్కడే ఆపి ముందుకు వెళ్లాను.

దారి ఇవ్వని ఆధారాలు

ఊరి తొలి రోజుల ప్రచార రాతలు, పత్రికా వార్తలు చదివాను. ప్రెయరీ ఊళ్లన్నీ ఆ రోజుల్లో తాము రేపో మాపో మహానగరాలవుతామనే రాసుకున్నాయి. స్థలాలు అమ్మాలి కదా. ఆ ఉత్సాహం వట్టి మాటలు కాదని మెల్విల్ విషయంలో ఒప్పుకోవాలి. ఊరు పుట్టిన ఏడేళ్లకే, 1915లో, మెల్విల్ మిలియనీర్స్ హాకీ జట్టు కెనడా అమెచ్యూర్ ఛాంపియన్లకు ఇచ్చే ఆలన్ కప్పు గెలిచింది. అంత చిన్న ఊరికి అది ఎంతటి గర్వమో ఊహించవచ్చు. కానీ ఈ రాతల్లో వ్యాపారులు, మేయర్లు, డాక్టర్లు కనిపిస్తారు. షెడ్డులో బూడిద దులిపే కుర్రాడు కనిపించడు.

తరువాత రైల్వే ఉద్యోగుల ఫైళ్లు. ఇక్కడ కంపెనీ చరిత్రే అడ్డొచ్చింది. హేస్ 1912 ఏప్రిల్ 15న టైటానిక్ ప్రమాదంలో చనిపోయాడు. 1914 ఏప్రిల్‌లో మార్గం పూర్తయిన నాలుగు నెలలకే ప్రపంచ యుద్ధం వచ్చింది. అనుకున్న రద్దీ రాలేదు, అప్పులు తీరలేదు. 1919లో కంపెనీ రిసీవర్ (అప్పుల్లో మునిగిన సంస్థను చూసుకోవడానికి నియమించే వ్యక్తి) చేతికి, 1920లో ప్రభుత్వ సంస్థ కెనడియన్ నేషనల్ ఆధీనంలోకి వెళ్లింది. సంస్థ కాగితాలు జాతీయ ఆర్కైవ్స్‌లో గుట్టలుగా ఉన్నాయి. పటాలు, ఒప్పందాలు, లెక్కలు అన్నీ ఉన్నాయి. ఒక మామూలు ఉద్యోగి వ్యక్తిగత ఫైలు మాత్రం వాటిలో దొరకలేదు.

ఇక కుటుంబ సభ్యుల జ్ఞాపకాలు. క్లయింటుతో, ఆమె తమ్ముడితో, చివరికి ఆమె అనుమతితో పెద్దకొడుకు వైపు మనవడితో మాట్లాడాను. భూమి ఎప్పుడు పోయింది అని అడిగితే ముగ్గురూ మూడు దశాబ్దాలు చెప్పారు. పైగా ఆ ప్రశ్న అడిగిన మరుక్షణం ప్రతి ఒక్కరూ తమ వైపు వాదన మొదలుపెడతారు. జ్ఞాపకం మూసుకుపోతుంది, తగాదా తెరుచుకుంటుంది.

ప్రశ్న మార్చాక

అందుకే భూమి మాట పూర్తిగా వదిలేశాను. ముగ్గురినీ ఒకే సంగతి అడిగాను: తాతగారు ఇంట్లో లేని వేళలు ఎలా ఉండేవి?

ఈసారి ముగ్గురూ ఒకటే చెప్పారు. ఏ రాత్రయినా ఒక కుర్రాడు వచ్చి తలుపు కొట్టేవాడట. తాతగారు అన్నం డబ్బా పట్టుకుని వెళ్లేవారు. మర్నాడో ఆ మర్నాడో వచ్చేవారు. పగలు పడుకుంటే పిల్లలు గట్టిగా మాట్లాడకూడదు. రైల్వే ఇళ్లలో పెరిగిన మన పాఠకులకు ఆ కుర్రాడెవరో చెప్పనక్కరలేదు. కాల్ బాయ్, సిబ్బందిని డ్యూటీకి రమ్మని పిలిచే కుర్రాడు. అంటే తాతగారు కొన్నాళ్లపాటు రైల్వేలో ఏదో పని చేసిన మనిషి కాదు. ఇంజను మీద బండ్లు నడిపిన రన్నింగ్ సిబ్బంది. అక్కడి పద్ధతిలో క్లీనరుగానో ఫైర్‌మన్‌గానో (ఇంజనులో బొగ్గు వేసే మనిషి) చేరి, సీనియారిటీ కూడబెట్టుకుంటూ ఏళ్ల తరబడి పనిచేస్తేనే డ్రైవరవుతారు.

ఇది తేలగానే వెతికే చోటు మారింది. సేద్యం చేసేవాణ్ణి అతని పొలం చుట్టూ వెతకాలి. రన్నింగ్ సిబ్బందిని పట్టాల వెంట వెతకాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో వాళ్లను ఏ డివిజనల్ పాయింటుకైనా పంపుతారు. కాబట్టి 1911 జనగణనను మెల్విల్‌లో కాకుండా ఆ లైనులోని డివిజనల్ పాయింట్లన్నిటిలో ఒక్కొక్కటిగా చదివాను. రివర్స్‌లో ఒక బోర్డింగ్ ఇంట్లో, మరికొందరు రైల్వే కుర్రాళ్ల మధ్య, ఆయన దొరికారు. వయసు, పుట్టిన దేశం సరిపోయాయి. వృత్తి గడిలో ఫైర్‌మన్. కెనడాకు వచ్చిన సంవత్సరం గడిలో 1907. 1916 ప్రెయరీ జనగణన నాటికి మెల్విల్‌లో భార్యతో, చంటిపిల్లాడితో ఉన్నారు. 1921లో అదే వీధి, వృత్తి డ్రైవర్.

1905 ఎలా వచ్చిందో కూడా తెలిసింది. సస్కాచెవాన్ రాష్ట్రమైన సంవత్సరం అది. బళ్లో ప్రతి పిల్లవాడూ నేర్చుకునే తేదీ. కుటుంబ కథలు ఇలాంటి ప్రసిద్ధ సంవత్సరాల వైపు జరుగుతుంటాయని చాలా కేసుల్లో చూశాను.

పది డాలర్ల భూమి

ఇప్పుడు ఆపిన ఫైలు దగ్గరకు తిరిగి వెళ్లవచ్చు. 1910 దరఖాస్తు కింద సంతకం ఉంది. క్లయింటు దగ్గర తాతగారు రాసిన ఉత్తరం ఉంది. ఇంటిపేరులోని పెద్ద అక్షరం రాసే తీరు, చివరి అక్షరం కింద గీసే గీత, రెండింటిలోనూ ఒకటే. దరఖాస్తులో వృత్తి రైల్వే ఉద్యోగమని ఉంది. మూడు ఆధారాలు కలిశాయి కనుక ఆయనే అని రాశాను.

అంటే 160 ఎకరాల కథకు మూలం ఉంది. కానీ పట్టా రాలేదు. రెండేళ్లు తిరగకుండానే ఆయన స్వయంగా భూమిని వదులుకుంటున్నట్టు కాగితం రాసిచ్చారు. తరువాత ఆ భూమి మరొకరికి వెళ్లింది. అమ్మడానికి గాని, పంచడానికి గాని ఆ కుటుంబం చేతిలో ఆ ఎకరాలు ఏనాడూ లేవు. పోయింది పది డాలర్లు.

ఎందుకు వదులుకున్నారు? క్లయింటు మొదట కరువు అన్నారు, తరువాత మోసం అన్నారు. ఫైలులో కారణం ఒక్క ముక్కలో ఉంది, ఉద్యోగం వల్ల అక్కడ నివసించలేకపోతున్నానని. ఈ ఒక్క ముక్క మీద నేను నివేదికలో రెండు పేజీలు రాశాను. ఆ కాలపు ప్రెయరీలో రెండు రకాల బతుకులు పక్కపక్కనే ఉన్నాయని ఇది చూపిస్తుంది. చట్టం రైతును ఏడాదికి ఆరు నెలలు ఆ గుడిసెలోనే ఉండమంటుంది. రైల్వే తన మనిషిని ఎప్పుడు పిలిస్తే అప్పుడు షెడ్డు దగ్గర ఉండమంటుంది. పిలిచినప్పుడు కాదంటే ఉద్యోగానికి ముప్పు. ఆరు నెలలు ఉండకపోతే భూమి పోతుంది. చేతిలో నెలజీతం, ఎదురుగా తొలి పంట వచ్చేదాకా అప్పులు. ఇరవై మూడేళ్ల కుర్రాడు జీతాన్ని ఎంచుకున్నాడు. ఆ నిర్ణయంలో బలహీనత ఏమీ నాకు కనిపించలేదు. మెల్విల్‌లాంటి ఊరు జనంతో నిండింది కొంతవరకు ఇలాంటి నిర్ణయాల వల్లే.

ఇల్లు, అన్నదమ్ములు

పెద్దకొడుకు అమ్మింది మరి ఏమిటి? భూమి టైటిళ్ల పాత రిజిస్టర్లలో ఊరి ప్లాను, బ్లాకు, స్థలం సంఖ్య ప్రకారం వెతికితే ఇంటిస్థలం దొరికింది. రైల్వే అనుబంధ టౌన్ అండ్ డెవలప్‌మెంట్ కంపెనీ నుంచి కొన్నది. మెల్విల్‌లో చాలా టైటిళ్లకు మొదటి పుట అదే. తాతగారి తదనంతరం అది నాయనమ్మ పేరుకు, ఆమె తరువాత ఇద్దరు కొడుకుల పేరుకూ మారింది. ఇల్లు అమ్మిన పత్రంలో సంతకాలు రెండు. చిన్నకొడుకు సంతకం పశ్చిమాన ఉన్న మరో ఊరి నోటరీ ముందు పెట్టింది. తన తండ్రి సంతకం చూసి క్లయింటు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అయితే ఇక్కడితో పని పూర్తికాలేదని నాకు అనిపించింది. సంతకం పెట్టి వాటా తీసుకున్న మనిషి జీవితాంతం అన్న మీద కోపంతో ఎందుకున్నాడు? భూమి కథ అబద్ధమని తేల్చి ఊరుకుంటే ఆ కోపం కూడా అబద్ధమన్నట్టు అవుతుంది. అది అన్యాయం. కోపం నిజం. దాని కారణం మరోచోట ఉండాలి.

ఒకటి విడిచి ఒకటి

ఇద్దరు కొడుకులూ ఫైర్‌మన్లే. పెద్దాయన వాట్రస్ నుంచి పనిచేసేవాడు, చిన్నాయన మెల్విల్ నుంచి. ఇది పెద్దకొడుకు వైపు మనవడు చెప్పాడు. భూమి గురించి కాకుండా బండ్ల గురించి అడిగినందుకు ఆయన ఎంతో ఓపిగ్గా మాట్లాడాడు. పెట్టెలో దాచిన పాత ముద్రిత సీనియారిటీ జాబితా ఫొటో తీసి పంపించాడు. అన్న పేరు పైన, తమ్ముడి పేరు చాలా కింద.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత కెనడియన్ నేషనల్ డీజిల్ ఇంజన్లకు మారుతూ వచ్చింది. 1960 నాటికి ఆవిరి పోయింది. డీజిల్‌కు రెండు వందల కిలోమీటర్లకోసారి షెడ్డు అక్కరలేదు. ఫైర్‌మన్ కూడా అక్కరలేదని కంపెనీల వాదన. మార్గం మీద ఉన్న డివిజనల్ పాయింట్లలో ఒకటి విడిచి ఒకటి చాలు. ఇప్పటి కెనడియన్ నేషనల్ సబ్‌డివిజన్ల (మార్గంలోని విభాగాల) పటం చూస్తే ఫలితం స్పష్టం. విన్నిపెగ్ నుంచి మెల్విల్ దాకా ఒకటి, మెల్విల్ నుంచి బిగర్ దాకా ఒకటి, బిగర్ నుంచి ఎడ్మంటన్ దాకా ఒకటి. మధ్యలో దాటేసిన రివర్స్, వాట్రస్, వెయిన్‌రైట్‌ల పేర్లు ఆ మూడు సబ్‌డివిజన్లకు ఉండిపోయాయి. మెల్విల్ నిలబడటంలో ఊరివాళ్ల గొప్పతనం కంటే ఆ వరుసలో దాని స్థానమే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

ఈ మార్పు నిశ్శబ్దంగా జరగలేదు. 1964 అక్టోబరులో ఒంటారియోలోని నకీనా, ఆల్బర్టాలోని వెయిన్‌రైట్ దగ్గర సిబ్బందిని మార్చకుండా బండ్లు నేరుగా నడపాలని సంస్థ పూనుకున్నప్పుడు, ఉద్యోగులు పెద్దఎత్తున అనారోగ్యమని చెప్పి పని మానేశారు. ప్రభుత్వం న్యాయమూర్తి శామ్యూల్ ఫ్రీడ్‌మన్‌తో విచారణ జరిపించింది. ఇంత పెద్ద మార్పును సంస్థ ఏకపక్షంగా చేయకూడదు, యూనియన్లతో చర్చించాలి అని 1965లో ఆయన నివేదిక చెప్పింది. ఇళ్లు కొనుక్కుని, పిల్లలను బళ్లో వేసి, ఊరు ఊరంతా ఒక షెడ్డును నమ్ముకున్న మనుషుల వైపు నుంచి ఆలోచించిన నివేదిక అది.

ఇక అన్నదమ్ములు. ఒకచోట పని తగ్గితే పై సీనియారిటీ ఉన్నవాడు మరోచోటికి వచ్చి కిందివాడి స్థానం తీసుకోవచ్చు. కిందివాడు తనకంటే కిందివాణ్ణి కదుపుతాడు. అట్టడుగున ఉన్నవాడికి పని ఉండదు. వాట్రస్‌లో పని తగ్గాక అన్న మెల్విల్‌కు వచ్చాడు. ఆ తరువాతి సంవత్సరం తమ్ముడు ఊరు విడిచాడు. అన్న నేరుగా తమ్ముడి స్థానమే తీసుకున్నాడనడానికి కాగితం లేదు. మధ్యలో ఇంకా పేర్లున్నాయి. అందుకే నివేదికలో ‘బలమైన అవకాశం’ అని మాత్రమే రాశాను. తాతగారిని 1950లలో తీసేశారన్న మాట కూడా ఇక్కడ విడిపోతుంది. ఆ దశాబ్దంలో ఆయన వయసు నిండి పెన్షన్‌తో దిగిపోయారు. పని పోయింది కొడుక్కి. రెండు తరాల మనుషులు ఒకే కథలో కలిశారు.

నా పనిలో మారినవి

రైల్వే ఊరి కుటుంబం అనగానే ఇప్పుడు మొదట ఆ లైను డివిజన్ల పటం తెరుస్తాను, ఆ తరువాతే జనగణన. మనిషి పేరు ఒక ఊళ్లో దొరకకపోతే లేడని కాదు, పక్క డివిజనల్ పాయింటులో ఉండవచ్చు. హోమ్‌స్టెడ్ (ప్రభుత్వం ఇచ్చిన 160 ఎకరాల) రికార్డుల్లో పట్టాలతో ఆగకుండా వదిలేసినవాళ్ల ఫైళ్లు తప్పనిసరిగా చూస్తాను. ఓడినవాళ్లు తమ కారణం రాసిపెట్టి వెళతారు, గెలిచినవాళ్ల ఫైళ్లలో అది తరచూ ఉండదు. తగాదా ఉన్న ఇంట్లో తగాదా వస్తువు గురించి అడగడం చివరికి వాయిదా వేస్తాను. దినచర్య గురించి అడిగితే వైరి పక్షాలు కూడా ఒకే మాట చెబుతాయి.

ఊరి ఎదుగుదల గురించి కూడా ఒక మాట. రైలు వచ్చింది కాబట్టి పెరిగింది, డీజిల్ వచ్చింది కాబట్టి ఆగింది అని ఇలాంటి ఊళ్ల గురించి సులువుగా రాసేస్తాం. మెల్విల్‌కు ఆ కొలత సరిపోదు. ఆవిరి ఇంజన్ల మంచి రోజుల్లోనే దానికి హద్దులు కనిపించాయి. 1913లో ఊళ్లో మొదలైన లూథర్ అకాడమీ 1926లో రాజధాని రిజైనాకు తరలిపోయింది. నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న యార్క్‌టన్ చుట్టుపక్కల రైతుల వ్యాపారాన్ని తనవైపు లాక్కుని 1928లోనే నగరమైంది. మెల్విల్‌కు నగర హోదా 1960లో వచ్చింది, సరిగ్గా ఆవిరి పోయిన రోజుల్లో. 2021 జనగణనలో 4,493 మంది. రాష్ట్రంలో అతి చిన్న నగరమని పేరు. అయినా బండ్లు అక్కడ ఆగుతున్నాయి, సిబ్బంది అక్కడ మారుతున్నారు, గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ కట్టిన స్టేషన్ భవనం వారసత్వ కట్టడంగా నిలిచి ఉంది. వాట్రస్‌లో ఉద్యోగం చేసిన అన్న చివరికి మెల్విల్‌కు రావడం, మెల్విల్‌లో పుట్టిన తమ్ముడు అక్కడ నిలవలేకపోవడం, రెండూ ఈ లెక్కలోవే.

నివేదికను క్లయింటు కోరిక మీద రెండు ఇళ్లకూ పంపాను. పెద్దకొడుకు వైపువాళ్లు భూమి గురించిన భాగాన్ని వెంటనే ఒప్పుకున్నారు, సీనియారిటీ గురించిన పేరాను తీసేయమన్నారు. తీయలేదు. ‘బలమైన అవకాశం’ అన్న మాట పక్కన జాబితాలోని మధ్య పేర్ల సంఖ్య చేర్చి, నిర్ణయం చదివేవారికి వదిలాను. క్లయింటు పుస్తకంలో 160 ఎకరాల అధ్యాయం మార్చి రాశారు. అన్నదమ్ముల అధ్యాయం మాత్రం పెదనాన్నగారి మనవడు, ఆమె కలిసి రాస్తున్నారు, ఇంకా పూర్తికాలేదు.